సెకండ్ హ్యాండ్ సామాన్లతో ఇంట్లో ఎలక్ట్రానిక్ మ్యూజిక్ స్టూడియో: ఏది కొనాలి, ఎలా చెక్ చేయాలి

"నా దగ్గర ముప్పై వేలున్నాయి, ఇంట్లో స్టూడియో పెట్టుకోవచ్చా?" అని అడిగేవాళ్లకు ప్రతిసారీ విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నాను. పెట్టుకోవచ్చు. బీట్లు, లోఫై, టెక్నో, ఫోక్ రీమిక్స్, షార్ట్ ఫిల్మ్‌కి బీజీఎం లాంటివి కంప్యూటర్‌లోనే తయారవుతాయి కాబట్టి ఆ డబ్బు దాదాపు సరిపోతుంది. డ్రమ్స్ కిట్టు మొత్తానికి మైకులు పెట్టాలి, పది మందితో కోరస్ పాడించాలి అంటే మాత్రం దారి వేరు, బడ్జెట్ వేరు.

కొనడానికి బయల్దేరే ముందు ఇది గుర్తుపెట్టుకోండి. సెకండ్ హ్యాండ్‌లో ధర అంటే అమ్మేవాళ్లు చెప్పిన అంకె కాదు. వాళ్ల దగ్గర లేని అడాప్టర్, దొరకని డ్రైవర్, మార్చాల్సిన కేబుల్, చేయించాల్సిన రిపేరు, ఇవన్నీ కలిపితే వచ్చేదే అసలు ధర. ఆ లెక్క డబ్బులిచ్చే ముందే వేయాలి. ఈ గైడ్‌లో సగానికి పైగా ఆ లెక్క ఎలా వేయాలన్నదే ఉంటుంది.

కావలసినవి, వాటికి పెట్టాల్సిన పరిమితి

ఇవి మార్కెట్ రేట్లు కావు. ఇంతకు మించి పెట్టొద్దని నేను గీసే గీత. ఊరిని బట్టి, బేరాన్ని బట్టి తగ్గొచ్చు.

- ల్యాప్‌టాప్ (సెకండ్ హ్యాండ్): 18,000
- సౌండ్ కార్డ్, అంటే మైక్, హెడ్‌ఫోన్స్ కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ (సెకండ్ హ్యాండ్): 5,000
- మిడి కీబోర్డ్, అంటే ఏ కీ ఎంత గట్టిగా నొక్కారో కంప్యూటర్‌కి చెప్పేది (సెకండ్ హ్యాండ్): 3,500
- స్టూడియో హెడ్‌ఫోన్స్ (సెకండ్ హ్యాండ్): 2,500
- కేబుళ్లు, స్పైక్ గార్డ్, చిన్న మల్టీమీటర్ (కొత్తవే): 1,500
- చేతిలో ఉంచుకోవాల్సింది: 3,000

మొత్తం 33,500. ల్యాప్‌టాప్ ఇప్పటికే ఉంటే 15,500తో పని అయిపోతుంది. చివర్లో రాసిన మూడు వేలను ముట్టుకోకండి. ర్యామ్ పెంచడానికో, అడాప్టర్‌కో, హెడ్‌ఫోన్ ప్యాడ్లకో అది తప్పకుండా ఖర్చవుతుంది.

కేబుళ్లు, అడాప్టర్లు, హార్డ్ డిస్క్ మాత్రం ఎప్పుడూ సెకండ్ హ్యాండ్ వద్దు. పాత కేబుల్ లోపల ఎక్కడ తెగిందో కనిపించదు. వాడిన హార్డ్ డిస్క్ ఎప్పుడు పోతుందో చెప్పదు.

1. ముందు పైసా ఖర్చు లేకుండా ఒక ట్రాక్ పూర్తి చేయండి

ఇంట్లో ఉన్న ఏదో ఒక కంప్యూటర్‌లో రీపర్ అనే మ్యూజిక్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి. 60 రోజులు అన్ని సదుపాయాలతో ఉచితంగా వాడి చూడొచ్చు. ఆ తర్వాత వ్యక్తిగత లైసెన్స్ 60 డాలర్లు. మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఎలాగూ ఉచితమే. సింథ్‌ల (కొత్త శబ్దాలు పుట్టించే వాయిద్యాల) కోసం సర్జ్ ఎక్స్‌టీ, వైటల్ ఉచిత వెర్షన్, పాత యమహా డీఎక్స్7 సింథ్ శబ్దాల కోసం డెక్స్‌డ్. ఈ మూడూ చాలు, ఏడాది పాటు కొత్త శబ్దాలు దొరుకుతూనే ఉంటాయి. రీపర్‌లో వ్యూ మెనూలో వర్చువల్ మిడి కీబోర్డ్ ఉంటుంది, టైపింగ్ కీలతోనే వాయించొచ్చు.

రెండు నిమిషాల ట్రాక్ మొదలు నుంచి చివరి దాకా చేయండి. చెత్తగా ఉన్నా ఫర్వాలేదు, పూర్తి కావాలి. అప్పుడు మీకు నిజంగా ఏది అడ్డం పడిందో తెలుస్తుంది. కంప్యూటర్ ఆగిపోతోందా? వేళ్లతో వాయించాలని చేతులు లాగుతున్నాయా? గొంతు రికార్డ్ చేయాలా? కొనే వరుస దాన్ని బట్టి మారుతుంది. గొంతు, గిటార్ ఏమీ రికార్డ్ చేయనివాళ్లకు మొదటి కొన్ని నెలలు సౌండ్ కార్డ్ కూడా అక్కర్లేదు. ఆస్యో4ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసుకుని ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ పిన్‌తోనే గడిపేయొచ్చు.

2. ల్యాప్‌టాప్

ఎక్కువ డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. సికింద్రాబాద్‌లో పార్క్‌లేన్ దగ్గరి సీటీసీ కంప్యూటర్ మార్కెట్, బెంగళూరు ఎస్‌పీ రోడ్, చెన్నై రిచీ స్ట్రీట్‌లలో కంపెనీలు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లు వరుసగా పేర్చి ఉంటాయి. బిజినెస్ మోడళ్లు చూడండి: థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్. స్పేర్ పార్టులు దొరుకుతాయి, విప్పడం తేలిక.

ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆ పైన ఉండాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్‌లో ముగిసింది, విండోస్ 11 అధికారికంగా 8వ తరం నుంచే నడుస్తుంది. 7వ తరం మూడు వేలు తక్కువకు ఇస్తానన్నా తీసుకోకండి. ర్యామ్ 8 జీబీ కనీసం, 16 ఉంటే హాయి. డిస్క్ ఎస్‌ఎస్‌డీ అయి తీరాలి. థింక్‌ప్యాడ్ టీ480లో రెండు ర్యామ్ స్లాట్లుంటాయి, తర్వాత పెంచుకోవచ్చు. టీ480ఎస్‌లో ఒకటి బోర్డుకే అతికి ఉంటుంది. ఎక్స్280లో మొత్తం ర్యామ్ అతికిందే, పెంచలేరు. పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి కింద అంటించిన స్టిక్కర్ చదివి మరీ కొనండి.

షాపులోనే చూడాల్సినవి:

- ఆన్ చేస్తూ బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్‌లోకి) వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే అక్కడితో ఆపేయండి. కంపెనీ వేసిన లాక్ అది, తర్వాత తీయించడం తలనొప్పి.
- క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత టూల్ పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్లి డిస్క్ ఆరోగ్యం చూడండి.
- ప్రతి యూఎస్‌బీ పోర్టులోనూ పెన్ డ్రైవ్ పెట్టి కాస్త కదపండి. కదిపితే కనెక్షన్ పోతోందంటే సౌండ్ కార్డ్ పెట్టినప్పుడు రికార్డింగ్ మధ్యలో అదే జరుగుతుంది.
- యూట్యూబ్‌లో హెచ్‌డీ వీడియో పావుగంట నడపండి. ఫ్యాన్ మిక్సీలా అరుస్తుంటే లోపల దుమ్మైనా పట్టి ఉంటుంది, థర్మల్ పేస్టైనా ఎండిపోయి ఉంటుంది. శుభ్రం చేసి ఇమ్మనండి, లేదా ధర తగ్గించమనండి.

పాత మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1 ఈ పనికి చాలా బాగుంటుంది గానీ 18,000లో రాదు. దొరికితే కొనే ముందు పూర్తిగా ఎరేజ్ చేయించి, మళ్లీ సెటప్ చేసేటప్పుడు పాత ఓనర్ ఆపిల్ ఐడీ గానీ "రిమోట్ మేనేజ్‌మెంట్" స్క్రీన్ గానీ వస్తుందేమో చూడండి. వస్తే అది మీది కాదు, ఎప్పటికీ కాదు.

"ఎఫ్‌ఎల్ స్టూడియో, ప్లగిన్లు అన్నీ వేసి ఇస్తా" అని షాపులో ఆశ పెడతారు. అది క్రాక్ వెర్షన్. వైరస్ సంగతి అలా ఉంచినా, అప్‌డేట్ వచ్చిన రోజు మీ ప్రాజెక్టులు తెరుచుకోవు. ఇంటికి రాగానే మొత్తం చెరిపి విండోస్ కొత్తగా వేసుకోండి. ఒరిజినల్ విండోస్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది కాబట్టి నెట్ కలపగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

3. హెడ్‌ఫోన్స్

స్పీకర్లు ఇప్పుడే వద్దు. అపార్ట్‌మెంట్ గదిలో, గోడకు ఆనించి పెట్టిన స్పీకర్లలో బేస్ ఎంతుందో ఎవరికీ సరిగా తెలియదు. పైగా రాత్రి పదకొండు దాటాక పక్క ఫ్లాట్ వాళ్లు ఊరుకోరు.

ఆడియో టెక్నికా ఎం20ఎక్స్, ఎం40ఎక్స్ లాంటి క్లోజ్డ్ బ్యాక్ (చెవి కప్పుల వెనక మూసి ఉన్న) మోడళ్లు చూడండి. ఎం40ఎక్స్‌కి కేబుల్ ఊడదీయొచ్చు, తెగితే మార్చుకోవచ్చు. ఎం20ఎక్స్‌కి కేబుల్ అతికి ఉంటుంది, తెగితే సోల్డరింగే గతి. అందుకే ధర దగ్గరదగ్గరగా ఉంటే ఎం40ఎక్స్ తీసుకోండి. బ్లూటూత్ హెడ్‌సెట్ పనికిరాదు, కీ నొక్కిన చాలాసేపటికి శబ్దం వినిపిస్తుంది.

చెక్ చేయడం సులువే. ఫోన్‌లో లెఫ్ట్, రైట్ టెస్ట్ పెట్టండి. పిన్ దగ్గర, చెవి కప్పు దగ్గర కేబుల్‌ని మెల్లగా వంచండి. కరకర వచ్చినా, ఒకవైపు ఆగి ఆగి వచ్చినా వద్దు. ప్యాడ్లు పొట్టు రాలుతుంటే భయం లేదు, కొత్తవి దొరుకుతాయి. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

4. సౌండ్ కార్డ్

సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువమంది దెబ్బ తినేది ఈ వస్తువు దగ్గరే. కాస్త నిదానంగా చదవండి.

మొదట మోడల్ పూర్తి పేరు, జనరేషన్ అడగండి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ అంటే సరిపోదు. 2011 నుంచి నాలుగు తరాలు వచ్చాయి: రెండోది 2016, మూడోది 2019, నాలుగోది 2023. తయారీదారు వెబ్‌సైట్‌కి వెళ్లి, ఆ మోడల్‌కి మీ విండోస్ వెర్షన్‌లో పనిచేసే డ్రైవర్ ఉందో లేదో కళ్లారా చూశాకే బేరానికి దిగండి. ఫైర్‌వైర్ పోర్టుతో పనిచేసేవి ఒకప్పుడు ఖరీదైనవి, ఇప్పుడు చవగ్గా కనిపిస్తాయి. ముట్టుకోకండి, ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఆ పోర్టే లేదు.

ఈ బడ్జెట్‌లో వెతకదగ్గవి స్కార్లెట్ సోలో, బెరింగర్ యూఎంసీ202హెచ్‌డీ, ప్రీసోనస్ ఆడియోబాక్స్ యూఎస్‌బీ 96. బెరింగర్ యూఎం2, యూఎంసీ22 ఇంకా చవక, మొదట్లో నడుస్తాయి. కానీ యూఎంసీ22కి, యూఎంసీ202హెచ్‌డీకి పేరులో కొంచెమే తేడా ఉన్నా డ్రైవర్ విషయంలో చాలా తేడా ఉంది. రెండోదానికి సొంత ఆస్యో (శబ్దం ఆలస్యాన్ని తగ్గించే) డ్రైవర్ ఉంది. నా ఓటు దానికే.

అమ్మేవాళ్ల ఇంటికి మీ ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్స్, ఒక పెద్ద పిన్ (గిటార్‌కి వాడే రకం) కేబుల్, మల్టీమీటర్ తీసుకెళ్లండి. డ్రైవర్ ముందే వేసి ఉంచుకోండి.

అ) ఏమీ కలపకుండా గెయిన్ (ఇన్‌పుట్ శబ్దాన్ని పెంచే నాబ్) సగానికి పెట్టి పది సెకన్లు రికార్డ్ చేయండి. ఆ క్లిప్‌ని నార్మలైజ్ చేసి (శబ్దాన్ని పూర్తి స్థాయికి పెంచి) వినండి. సన్నటి "స్స్" మామూలే. "గుయ్" మని హమ్ గానీ, టక్ టక్ గానీ ఉంటే తేడా ఉన్నట్టు. ముందు ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి మళ్లీ చూడండి, తప్పు చార్జర్‌ది కావచ్చు.

ఆ) ప్రతి నాబ్‌నీ మెల్లగా మొదటి నుంచి చివరి దాకా తిప్పుతూ వినండి. తిప్పినప్పుడు మాత్రమే కరకర వస్తే లోపల దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో పోతుంది. మామూలు డబ్ల్యూడీ-40 కొట్టకండి, జిడ్డు మిగిలి ఇంకా దుమ్ము పడుతుంది.

ఇ) ఫాంటమ్ పవర్, అంటే కార్డ్ మైక్‌కి పంపే 48 వోల్టుల కరెంటు, చూడండి. ఆ కరెంటుతో నడిచే కండెన్సర్ మైక్ కొనే ఆలోచన ఉంటే ఇది వదలకూడదు. మల్టీమీటర్‌ని డీసీ 200 వోల్టులకు పెట్టండి. 48 వోల్ట్ బటన్ నొక్కి, మైక్ సాకెట్‌లో 1వ రంధ్రంలో నల్ల తీగ, 2వ రంధ్రంలో ఎర్ర తీగ ఆనించండి. 48కి అటూ ఇటూ, అంటే 44 నుంచి 52 లోపు రావాలి. తర్వాత ఎర్ర తీగను 3కి మార్చండి, అదే అంకె రావాలి. ఒకదాంట్లో వచ్చి ఇంకోదాంట్లో రాకపోతే, లేదా ముప్పైలలో ఉంటే ఆ ఇన్‌పుట్ పాడైనట్టే.

ఈ) వెనక అవుట్‌పుట్ నుంచి ముందు ఇన్‌పుట్‌కి పెద్ద పిన్ కేబుల్ పెట్టి, మెట్రోనోమ్ (తాళం వేసే టిక్ టిక్) శబ్దాన్ని రికార్డ్ చేయండి. దీనికి ముందు రీపర్‌లో ఇన్‌పుట్ మానిటరింగ్ (లోపలికొచ్చే శబ్దాన్ని వెంటనే వినిపించడం) ఆపండి, కార్డ్ మీద డైరెక్ట్ మానిటర్ స్విచ్ ఉంటే అదీ ఆపండి, హెడ్‌ఫోన్స్ తల మీద నుంచి తీసేయండి. లేకపోతే ఒక్కసారిగా కీచుమని చెవులు పోతాయి. రెండు అవుట్‌పుట్‌లూ ఒకదాని తర్వాత ఒకటి ఇలాగే చూడండి.

ఈ నాలుగింటికీ ఇరవై నిమిషాలు చాలు. ఆ ఇరవై నిమిషాలు ఇవ్వనని చిరాకు పడేవాళ్ల దగ్గర కొనకండి.

పెట్టెతో పాటు వచ్చే ఏబుల్టన్ లైవ్ లైట్ లాంటి సాఫ్ట్‌వేర్ కోడ్ కలిపి ధర చెబుతారు. ఆ కోడ్ మొదటి ఓనర్ పేరు మీద రిజిస్టర్ అయిపోయి ఉంటుంది, ఎక్కువసార్లు మీకు పనికిరాదు. దానికి విలువ కట్టకండి.

5. మిడి కీబోర్డ్

ఎంఆడియో కీస్టేషన్, అకాయ్ ఎంపీకే మినీ, ఆర్టూరియా మినీల్యాబ్, నొవేషన్ లాంచ్‌కీ. వీటిలో 25 కీలవి తరచూ అమ్మకానికి వస్తాయి. బీట్లు చేయడానికి 25 చాలు. రెండు చేతులతో వాయించడం వస్తే 49 చూడండి. మన పాటల్లో గమకం కావాలంటే పిచ్ బెండ్ వీల్ (స్వరాన్ని వంచే చక్రం) బాగా పనిచేయాలి. చిన్న కీబోర్డులలో వీల్‌కి బదులు బటన్లో, టచ్ స్ట్రిప్పో, చిన్న జాయ్‌స్టిక్కో ఉంటాయి. బటన్లతో అయితే గమకం పలకదు.

మన దగ్గర ఇంకో మంచి దారి ఉంది. పెళ్లి ఆర్కెస్ట్రాలు, భజన బృందాలు, చర్చిల్లో వాయించేవాళ్లు పెద్ద కీబోర్డుకి మారినప్పుడు పాత యమహా పీఎస్‌ఆర్‌లు, కాసియోలు అమ్మేస్తుంటారు. వెనక "యూఎస్‌బీ టు హోస్ట్" అనే చదరపు పోర్టు ఉంటే చాలు, అది మిడి కీబోర్డ్‌గా పనిచేస్తుంది. 61 కీలు, సొంత శబ్దాలు అదనం. అలాగే రోలాండ్ ఎస్‌పీడీ-20 ప్యాడ్ చవగ్గా దొరికితే దానికి మిడి అవుట్ ఉంది, డ్రమ్స్ వాయించి రికార్డ్ చేసుకోవచ్చు.

గుండ్రటి ఐదు పిన్నుల మిడి మాత్రమే ఉంటే యూఎస్‌బీ మిడి కేబుల్ కావాలి. ఇక్కడ అందరూ తికమక పడతారు: కేబుల్ మీద "ఇన్" అని రాసిన పిన్‌ని కీబోర్డ్ "అవుట్"లో పెట్టాలి. చవక కేబుళ్ల మీద అక్షరాలు తిరగేసి కూడా ఉంటాయి. సిగ్నల్ రాకపోతే పాడైందనుకునే ముందు రెండు పిన్నులూ అటుదిటు మార్చి చూడండి.

కీబోర్డ్‌ని వినడం కన్నా చూసి పరీక్షించడం మేలు. రీపర్‌లో మిడి రికార్డ్ చేస్తూ ఎడమ చివర నుంచి కుడి చివర దాకా ఒక్కో కీని ముందు మెల్లగా, తర్వాత గట్టిగా నొక్కండి. తర్వాత మిడి ఎడిటర్ తెరిచి వెలాసిటీ (ఎంత గట్టిగా నొక్కారన్న) గీతలు చూడండి. గట్టిగా, మెల్లగా నొక్కినవి వేర్వేరు ఎత్తుల్లో ఉండాలి. ఒక్క కీ మాత్రం ఎప్పుడూ 127 (అన్నిటికన్నా పెద్ద అంకె) కొడుతుంటే, లేదా రెండుసార్లు మోగుతుంటే దాని కింద రబ్బర్ కాంటాక్ట్ మురికి పట్టింది. విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే తొంభై శాతం బాగవుతుంది. నాలుగైదు కీలు అలా ఉంటే ధర సగం చేసి అడగండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ల నుంచి వచ్చిన వాటిలో జాక్‌ల లోపల టార్చ్ వేసి చూడండి, పచ్చగా చిలుము కనిపిస్తే వదిలేయండి.

6. కరెంటు, అడాప్టర్

పాడైన సెకండ్ హ్యాండ్ సామాన్లలో చాలావాటిని చంపింది తప్పు అడాప్టరే.

వస్తువు మీద మూడు విషయాలు రాసి ఉంటాయి: వోల్టేజీ, ఆంపియర్లు, చిన్న వలయం బొమ్మ. వోల్టేజీ సరిగ్గా అదే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. వలయం బొమ్మ మధ్య చుక్కకి ప్లస్ ఉందా, మైనస్ ఉందా అన్నది అడాప్టర్ మీది బొమ్మతో కలవాలి. బాస్ (Boss) కంపెనీ గిటార్ పెడళ్లకు 9 వోల్టులు, మధ్యలో మైనస్. కోర్గ్ వోల్కా అనే చిన్న సింథ్‌కి కూడా 9 వోల్టులే, కానీ మధ్యలో ప్లస్. ఒకదానిది ఇంకోదానికి పెడితే అంతే సంగతులు. కాసియోలోనే పాత కీబోర్డులకు, కొత్తవాటికి వేర్వేరు. "సేమ్ పిన్నే అన్నా, పట్టేస్తుంది" అన్న మాట నమ్మకండి, మల్టీమీటర్ పెట్టండి.

అమెరికా నుంచి బావో, అన్నయ్యో తెచ్చిచ్చే సామాను చాలా ఇళ్లలో ఉంటుంది. అడాప్టర్ మీద "100-240" అని ఉంటే ప్లగ్ మారిస్తే చాలు. "120" ఒక్కటే ఉంటే మన 230లో పెట్టగానే కాలిపోతుంది. జపాన్ మార్కెట్ వస్తువులకు 100 వోల్టులు. ఇలాంటి వాటికి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, లేదా అదే రేటింగ్ ఉన్న మన అడాప్టర్ కొనాలి. ఇవి కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

7. డబ్బు ఇచ్చేటప్పుడు

ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లలో వస్తువు చూడకుండా అడ్వాన్స్ పంపకండి. "ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, కొరియర్ చేస్తా" అన్నది పాత మోసమే, ఇంకా నడుస్తోంది. క్యూఆర్ కోడ్ పంపి "డబ్బు రావాలంటే పిన్ కొట్టండి" అంటే మీ ఖాతా ఖాళీ అవుతుంది. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. బిల్లు ఉంటే తీసుకోండి. లేకపోతే సీరియల్ నంబర్ కనిపించేలా ఫొటో, అమ్మినట్టు వాట్సాప్‌లో రెండు ముక్కలు రాయించుకోండి.

8. అన్నీ కలపడం

సౌండ్ కార్డ్‌ని నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టండి, యూఎస్‌బీ హబ్ ద్వారా వద్దు. మిడి కీబోర్డ్ హబ్‌లో ఉన్నా నడుస్తుంది. అన్ని ప్లగ్గులూ ఒకే స్పైక్ గార్డ్‌లో పెట్టి, ఆ స్పైక్ గార్డ్‌ని ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌లో పెట్టండి.

రీపర్ ప్రిఫరెన్సెస్‌లో ఆడియో డివైస్‌కి వెళ్లి ఆస్యో, మీ కార్డ్ డ్రైవర్ ఎంచుకోండి. శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్ని ముక్కలుగా కొలవాలన్నది) 48,000, బఫర్ (ఒక్కసారికి పోగేసే ముక్కలు) 256. పై కుడి మూలలో మిల్లీసెకన్లు కనిపిస్తాయి. 256ని 48,000తో భాగిస్తే 5.3 మిల్లీసెకన్లు, రానూ పోనూ కలిపితే దానికి రెట్టింపు, ఆపై కొంచెం. కీ నొక్కడానికి, శబ్దానికి మధ్య ఎడం తెలుస్తుంటే 128కి దించండి. టపటపమని పగిలినట్టు వస్తుంటే పెంచండి. వాయించడం అయిపోయి మిక్సింగ్‌కి వచ్చాక 1024 పెట్టుకోండి, అప్పుడు ఆలస్యంతో పనిలేదు.

256లో కూడా పగుళ్లు వస్తున్నాయా? పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌కి మార్చండి, వైఫై ఆపి చూడండి. లేటెన్సీమాన్ అనే ఉచిత టూల్ ఐదు నిమిషాలు నడిపితే ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో పేరుతో సహా చెబుతుంది. చాలాసార్లు అది వైఫై డ్రైవరే.

9. గుయ్ మనే హమ్ వస్తే

వరుసగా ఇలా చూడండి. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేయండి. ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు ఎర్త్ దారుల మధ్య తిరిగే కరెంటు: చార్జర్ కూడా అదే స్పైక్ గార్డ్‌లోకి మార్చండి, ఇంకా ఉంటే కీబోర్డ్‌కి, సౌండ్ కార్డ్‌కి మధ్య గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టండి. చార్జర్ తీసినా ఆగకపోతే కేబుల్ మార్చండి. అదీ కాకపోతే ట్యూబ్‌లైట్, ఫ్యాన్ రెగ్యులేటర్ ఆపి చూడండి. కరెంటు పోయినప్పుడే వస్తుంటే మీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకం అయి ఉంటుంది. అలాంటప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద, యూఎస్‌బీ కరెంటుతో నడిచే సౌండ్ కార్డ్‌తో పని చేసుకోండి.

హమ్ పోతుందని ప్లగ్ ఎర్త్ పిన్ విరగ్గొట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. హమ్ పోతుంది నిజమే. ఏదైనా షార్ట్ అయిన రోజు మీ చేతిలోని మైక్‌లోకి కరెంటొస్తుంది. ఇంట్లో ఎర్తింగే లేదని అనుమానం ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

10. సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోండి

4వ అంచెలో చేసిన మెట్రోనోమ్ లూప్‌ని ఇప్పుడు ఇంటి సెటప్‌లో మళ్లీ చేయండి. రికార్డ్ అయిన క్లిక్‌ని బాగా జూమ్ చేసి, అసలు క్లిక్‌తో పోల్చండి. కొన్ని శాంపిళ్లు (పైన చెప్పిన చిన్న ముక్కలు) వెనకబడి ఉంటే ఆ అంకెను రీపర్ రికార్డింగ్ సెట్టింగ్స్‌లో మాన్యువల్ ఆఫ్‌సెట్ దగ్గర రాయండి. మళ్లీ రికార్డ్ చేస్తే రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి.

తర్వాత ట్రాక్‌లో వాడుకోవడానికి ఒక చిన్న శబ్దం రికార్డ్ చేయండి. డప్పు మీద తీన్మార్ అయితే ఇంకా మంచిది. దగ్గర నుంచి రికార్డ్ చేస్తే ఫోన్‌లోనైనా, మైక్‌లోనైనా శబ్దం పగిలిపోతుంది. పది అడుగులు వెనక్కి జరగండి, మీటర్‌లో పెద్ద దెబ్బ కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. గదిలో అయితే సీలింగ్ ఫ్యాన్ ఆపండి. బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి, దాని ఎదురుగా మైక్ పెడితే గది మోత చాలావరకు తగ్గుతుంది.

ట్రాక్ పూర్తయ్యాక మాస్టర్ మీటర్‌లో ఎర్రలైట్ వెలగకూడదు, పై అంచు మైనస్ 1 దగ్గర ఆగాలి. ఎగుమతి చేసి ఫోన్ స్పీకర్లో, ఇయర్‌ఫోన్స్‌లో, ఎవరిదైనా కారులో వినండి. ఫోన్‌లో బేస్ మొత్తం మాయమైతే ఆ బేస్‌కి కొంచెం డిస్టార్షన్ కలపండి, చిన్న స్పీకర్‌కి అందే పై శబ్దాలు వస్తాయి. కారులో బేస్ మాత్రమే వినిపిస్తే తగ్గించండి. హెడ్‌ఫోన్స్‌తో మిక్స్ చేసేవాళ్లకు ఈ రెండో ఇబ్బందే ఎక్కువ.

11. ఆ తర్వాత కొనేవి

నాలుగైదు ట్రాకులు పూర్తయ్యే దాకా హార్డ్‌వేర్ సింథ్ జోలికి వెళ్లకండి. ఆపైన మోజు తీరకపోతే వెళ్లండి, అందులో ఉన్న సరదా వేరు. రోలాండ్ టీబీ-303 అనే బేస్ సింథ్ కథ తెలిసే ఉంటుంది: ఎవరూ కొనక 1984లో తయారీ ఆగిపోయింది, సెకండ్ హ్యాండ్ షాపుల్లో చవగ్గా పడి ఉంటే షికాగో కుర్రాళ్లు తీసుకెళ్లి యాసిడ్ హౌస్ అనే డ్యాన్స్ సంగీతాన్ని పుట్టించారు. వాళ్లకన్నా ముందే, 1982లో, ముంబైలో చరణ్‌జీత్ సింగ్ అదే పెట్టె మీద రాగాలు వాయించి రికార్డ్ చేశారు. ఇప్పుడు ఆ అసలు పెట్టె లక్షల్లో పలుకుతోంది. దాని నకలు బెరింగర్ టీడీ-3 గానీ, కోర్గ్ వోల్కాల్లో ఏదైనా గానీ సెకండ్ హ్యాండ్‌లో చూడండి.

వోల్కాకి అవుట్‌పుట్ చిన్న పిన్ స్టీరియో. ఒక చిన్న స్టీరియో పిన్ నుంచి రెండు పెద్ద మోనో పిన్నులుగా చీలే కేబుల్ తీసుకోండి. నాబ్‌లు తిప్పి చూడటం, బటన్లన్నీ నొక్కడం, మిడితో ఐదు నిమిషాలు నడపడం ఇక్కడా తప్పదు. తొంభైల నాటి పెద్ద సింథ్ దొరికితే లోపలి బ్యాటరీ సంగతి అడగండి. కోర్గ్ ఎం1 లాంటి వాటిలో చిన్న సీఆర్2032 బిళ్ల ఉంటుంది, అది అయిపోతే దాచుకున్న శబ్దాలన్నీ పోతాయి. మార్చడం పెద్ద పని కాదు గానీ ముందు శబ్దాలను బ్యాకప్ తీసుకోవాలి.

స్పీకర్లు చివరన. ఐదు అంగుళాల జత చాలు. కొనేటప్పుడు పావుగంట ఆన్‌లో ఉంచి, పాటేమీ లేకుండా చెవి దగ్గర పెట్టి వినండి. తర్వాత 40 నుంచి 10,000 హెర్ట్జ్ దాకా స్వీప్ టోన్‌ని తక్కువ వాల్యూమ్‌లో నడపండి. ఎక్కడైనా గరగర వస్తే కోన్ అంచు ఊడినట్టు. జతలో రెండూ ఒకే మోడల్, ఒకే జనరేషన్ అయి ఉండాలి.

కొన్న ప్రతిదానికీ పెట్టె, బిల్లు, అసలు అడాప్టర్ ఒకచోట దాచండి, వానాకాలంలో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి. ఆరు నెలలు ముట్టుకోని వస్తువు కనిపిస్తే అమ్మేయండి. సెకండ్ హ్యాండ్‌లో సరైన ధరకు కొన్నది దాదాపు అదే ధరకు పోతుంది.